రాజశంఖానికి బదులు

ఒకానొక రాజ్యంలో కోట ఏటికి ఈ ఒడ్డున, సంత ఆ ఒడ్డున ఉండేవి. చలికాలం వచ్చిందంటే ఏరంతా పొగమంచే, ఎదుటి పడవ కనపడితే ఒట్టు. అందుకని పడవవాళ్లకు ఒక అలవాటు ఉండేది. ఒకడు శంఖం ఊదితే ఎదురొచ్చేవాడు బదులు ఊదాలి. ఆ మోతను బట్టి ఇద్దరూ తప్పుకునేవారు.

ఓ రోజు రాజు రణమల్లుడి పడవ శంఖం ఊదగానే, పైడయ్య అనే పడవవాడు ఎప్పటిలాగే బదులు ఊదాడు.

"నా శంఖానికే ఎదురు ఊదుతాడా! ఎంత పొగరు!" అని రాజు మండిపడ్డాడు. రాజశంఖం మోగితే ఏట్లో ఎవరూ కిక్కురుమనకూడదని చాటింపు వేయించాడు. పైడయ్యను కొట్లో పెట్టించి, మర్నాటి మధ్యాహ్నం అతని పడవను గొడ్డళ్లతో నరికించమన్నాడు.

ఆ పైడయ్య, కొలువులో చమత్కారిగా పేరుబడ్డ చిట్టెనకు స్వయానా బావ. పాపం, చిట్టెనకు కాలు ఒకచోట నిలవలేదు. పడవ పోతే చెల్లెలి సంసారం ఏం కాను? బతిమాలితే రాజు మరింత బిగుసుకుంటాడాయె! అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి చెల్లెలు సూరమ్మ చెవిలో ఏదో చెప్పి వచ్చాడు. రాజుగారి తెడ్లవాళ్లనూ మంచి చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రాజు ఆవలి ఒడ్డుకు బయల్దేరాడు. పక్కన చిట్టెన కూర్చున్నాడు. నడి ఏట్లో శంఖం ఊదారు. ఎక్కణ్ణుంచీ బదులు లేదు.

"చూశావా చిట్టెనా, అందరూ ఎంత భయభక్తులతో ఉన్నారో!"

"ఉన్నారు ప్రభూ. ఎక్కడున్నారో అదే తెలియడం లేదు."

రాజు నవ్వబోయి ఆగాడు. దగ్గర్లోనే తెడ్డు చప్పుడు. ఛప్... ఛప్...

"ఎవరది?"

పలుకు లేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. రాజు కుడికి చూశాడు, ఎడమకు చూశాడు, లేచాడు, కూర్చున్నాడు. నిజం చెప్పొద్దూ, చిట్టెనకూ లోలోపల భయమే. ఎత్తు బెడిసికొడితే బావ పడవతో పాటు తన తలా పోతుంది.

"గుద్దేస్తాడయ్యా! నోరు పడిపోయిందా వాడికి?"

"నోరు బాగానే ఉంది ప్రభూ, తమ ఆజ్ఞే అడ్డం వస్తోంది. ఏం పరవాలేదు, గుద్దినా మర్యాదగా, చడీచప్పుడూ లేకుండా గుద్దుతాడు."

"నా ఆజ్ఞ ఏట్లో కలవనీ! ఒరేయ్, ఎవరైనా సరే, ఊదండిరా!" అని రాజు గొంతు చించుకున్నాడు.

వెంటనే వెనకవైపు శంఖం మోగింది. అమ్మయ్య అంటూ రాజు కూలబడ్డాడు.

"పట్టించమంటారా ప్రభూ? తమ శంఖానికి ఎదురు ఊదాడు."

"నోర్మూయ్! ఆ మోత వింటేనే నాకు ప్రాణం లేచొచ్చింది."

"మా బావ ఊదిందీ ఆ మోతే ప్రభూ" అన్నాడు చిట్టెన.

మెల్లగా మంచు విడిపోయింది. చూస్తే ఏముంది, రాజు పడవ వెనకాలే తాడుతో కట్టిన చిన్న దోనె! అందులో సూరమ్మ, ఒక చేత తెడ్డు, ఒక చేత పైడయ్య శంఖం.

"అన్నయ్యా, చేతులు పడిపోతున్నాయి. ఇంకా కొట్టమంటావా, చాలా?"

రాజు ముఖం కందగడ్డయింది. అంతలోనే కడుపు పట్టుకుని పడీ పడీ నవ్వాడు. చేతి కంకణం తీసి చిట్టెనకు తొడిగాడు.

"పడవ తిప్పండిరా! గొడ్డళ్లు లేవకముందే మనం పైడయ్య పడవ దగ్గరుండాలి!"

దారిలో మళ్లీ మంచు కమ్మింది. సంతకు పోయే పడవ ఏదో దూరంగా శంఖం ఊదింది. అందరూ రాజు వంక చూశారు. రాజు, నౌకరు చేతిలోని శంఖం లాక్కుని, బుగ్గలు ఉబ్బించి, తానే బదులు ఊదాడు.