చెంగవ్వ తాడు

ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. నిద్రొచ్చేవాళ్ళు గోడకు ఆనుకోండి. మధ్యలో లేచిపోతే మాత్రం మిగతా కత కోసం నా ఇంటికి రావొద్దు.

అప్పుడెప్పుడో, మా తాత వాళ్ళ తాతకు పాలపళ్ళు కూడా రాని కాలంలో, కొండ కింద ఒగ ఊరు ఉన్నింది. ఊరికి ఒగ దొర. దొరకు ఒగ మామిడితోట. తోట పక్కన ఒగ వంక. వంకంటే ఏముంది, ఎండాకాలంలో కూడా మోకాలిలోతు నీళ్ళు పారే చిన్న ఏరు. వంకకు ఈ పక్క తోటంతా. ఆ పక్క ఒకే ఒగ చెట్టు, వంకర చెట్టు. దాని కాయ కొరికితే పళ్ళే కాదు, చెవులు కూడా పులిసిపోతాయి. అందుకే దాని జోలికి ఎవురూ పోరు.

ఆ వంకర చెట్టు కింద ఒగ గుడిసె. గుడిసెలో చెంగవ్వ.

చెంగవ్వకు మొగుడు లేడు, బిడ్డల్లేరు, మడిచెక్క లేదు. ఉన్నిందల్లా రెండు చేతులు. ఆ చేతుల్తో జనుమునార పేని తాళ్ళు చేసేది. ఊళ్ళో ఎద్దుకు పలుపు, బావికి చేంతాడు, బిడ్డకు ఉయ్యాల తాడు, అన్నీ ఆమె పేనినవే. తాడు తీసుకున్నోళ్ళు సంగటిముద్ద పెడితే తినేది. మర్చిపోతే గుర్తు చేసేది కాదు. పొద్దన పేనేది, మద్దేనం పేనేది, పొద్దుగూకిందాకా పేనేది. పేనతా పేనతా పైకి చూసేది.

పైన చీమలు. ఎర్రచీమలు. మామిడాకుల్ని దగ్గరికి లాగి, అంచుకు అంచు పెట్టి, తెల్లదారంతో కుట్టి గూడు కట్టుకునే చీమలు. ఆ దారం యాడిదనుకున్నారు? వాటి పిల్లల నోట్లోది. పెద్దచీమ పిల్లచీమను నోట కరుచుకుని, ఈ ఆకుకు ఒకసారి, ఆ ఆకుకు ఒకసారి ఆనిస్తా పోతాది. తాడు కోసం ఎవురొచ్చినా చెంగవ్వ పైకి చూపించి, "అవి కూడా నా మాదిరి పనోళ్ళే" అనేది. వొచ్చినోళ్ళు పైకి చూసి, మెడ నొప్పెత్తి, తాడు తీసుకుని పోయేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఒగ వాడిక ఉన్నింది. ఏటా తొలికాయ దొరే కోయాల. నిచ్చెన వేసుకోకూడదు. చెట్టెక్కాల, చేత్తో కోయాల, కిందనించి ఊరంతా చూడాల. దొర చేతిలోనించి తొలికాయ కింద పడిందాకా ఊళ్ళో ఎవురూ ఏ చెట్టు కాయా కొరకరు. ఊరగాయ పెట్టరు. పచ్చడి నూరరు. చిన్నపిలకాయలకు కూడా ఆ సంగతి తెలుసు.

ఒగ ఏడు దొర కొత్త పంచె కట్టి, తలపాగా చుట్టి, చెట్టెక్కినాడు. కాయకు చెయ్యి చాపినాడు. కాయ పక్కనే చీమల గూడు. మోచెయ్యి గూటికి తగిలింది.

ఒగటి చెవిలో కుట్టింది. ఒగటి మీసంలో కుట్టింది. ఒగటి యాడ కుట్టిందో ఆడోళ్ళ ముందర చెప్పేది కాదు.

దొర కాయతో పాటే కిందికొచ్చినాడు. తలపాగా కొమ్మ మీదే ఉండిపోయింది. కింద నిలబడి ఎగిరిన ఎగురుకు పక్కన డప్పుంటే సరిపోయేది. ఊరంతా నవ్వు బిగబట్టినారు. మొదట ఎవురు నవ్వినారో ఇప్పటికీ తేలలేదు. ఒకరు నవ్వినాంక ఇంక ఆపేదెవురు?

దొరకు కుట్టిన నొప్పి పొద్దుగూకేలోగా తగ్గింది. నవ్విన నొప్పి తగ్గలేదు. తోటలో ఒక్క చీమ ఉండకూడదు, అన్ని గూళ్ళూ కాల్చేయమన్నాడు.

తోట మీద పెత్తనం చేసేవాడు బసివినాయుడు. గడకర్రకు ఎండు తాటాకులు కట్టి, నిప్పంటించి, మనుషుల్ని పురమాయించినాడు. అప్పుడు చెంగవ్వ వంక దాటి వొచ్చింది. చేతిలో సగం పేనిన తాడు అట్లే ఉండాది.

"దొరా, చీమలు కుట్టింది మిమ్మల్ని కాదు. చెట్టెక్కినోడిని. కావిలోళ్ళను కాల్చేస్తే చెట్టుకు దిక్కెవురు?"

దొర మొహం పక్కకు తిప్పుకున్నాడు. బసివినాయుడు నవ్వినాడు.

"చీమల తరపున బదనిక మాట్లాడతాండాది. తోట నీడలో ఊరికే బతికేది నువ్వు, ఊరికే బతికేవి అవి."

బదనికంటే తెలుసు గదా? మామిడికొమ్మ మీద పుట్టే పరాయిమొక్క. చెట్టు రసం తాగతాది, చెట్టుకు ఏమీ పెట్టదు, కొమ్మ ఎండిందాకా వదలదు. ఆ ఊళ్ళో మనిషిని అంతకంటే పెద్ద తిట్టు తిట్టేదానికి లేదు.

చెంగవ్వ తాడు కొస చూసుకుంటా, "బదనిక తిని ఊరుకుంటాది నాయుడా. చీమ తిని కావిలి కాస్తాది" అనింది. అని, వంక దాటి వెళ్ళిపోయింది.

గూళ్ళన్నీ కాల్చినారు. ఆ పక్క వంకర చెట్టును మాత్రం వదిలేసినారు. పుల్లకాయ చెట్టుకు చీమలుంటే ఏంది, లేకపోతే ఏందని.

మొదటేడు పూత బాగా వొచ్చింది. పూత మీద గోధుమగింజంత పురుగులు వాలినాయి. తోటలో నడిస్తే చిటచిటా చప్పుడు, ఆకులన్నీ బంక. పూత నల్లబడి రాలిపోయింది. దొర తోటంతా పొగ పెట్టించినాడు. పురుగులు దగ్గినాయేమో గానీ పోలేదు. చెంగవ్వ వంక దాటి వొచ్చి, "దొరా, చీమల్ని పిలుద్దాం" అనింది. బసివినాయుడు "పో బదనికా" అన్నాడు.

రెండో ఏడు నాలుగు పిందెలు నిలిచినాయి. కాయలైనాయి. తొలికాయ కోసి చీరితే లోపల తెల్లపురుగు తల పైకెత్తి దొరను చూసింది. పురుగున్న కాయ తొలికాయ కిందికి రాదని పెద్దోళ్ళు తేల్చినారు. దొర గంగమ్మకు పొట్టేలును కొట్టించినాడు. ఊరంతా తిన్నారు, బాగుంది. పురుగు మాత్రం పోలేదు. చెంగవ్వ వొచ్చి, "దొరా, చీమల్ని పిలుద్దాం" అనింది. బసివినాయుడు "పో బదనికా" అన్నాడు.

మూడో ఏడు చిగురు చిగురుగానే పురుగు తినేసింది. పూత లేదు, పిందె లేదు, కాయ లేదు. కాయ లేకపోతే తొలికాయ లేదు. తొలికాయ లేకపోతే ఊరగాయ లేదు. మూడేళ్ళు ఊరగాయ లేని ఊరు ఎట్లుంటాదో ఆలోచించండి. సంగట్లో నంజుకునేదానికి లేక మొగుడూ పెళ్ళాలు ఒకర్నొకరు నంజుకుంటాండారు. పక్కూరోళ్ళు ఈ ఊరికి పిల్లనిచ్చేది మానేసినారు.

దొర విసిగిపోయినాడు. తోటంతా నరికి బొగ్గు చేసేయండి అన్నాడు. గొడ్డళ్ళోళ్ళు వొచ్చి రాళ్ళ మీద గొడ్డళ్ళు నూరుకుంటా కూర్చున్నారు.

ఆ చప్పుడు వంక దాటి చెంగవ్వకు వినిపించింది. తట్ట నిండా వంకర చెట్టు కాయలు నెత్తిన పెట్టుకుని వొచ్చి దొర కాళ్ళ దగ్గర దించింది.

"పులుపే దొరా, కాదనను. ఒక్కదాంట్లోనన్నా పురుగుందా చూడండి."

దొర ఒగటి చీరినాడు. పురుగు లేదు. ఇంకోటి చీరినాడు. లేదు. మూడోది చీరినాడు. టెంక తెల్లగా, కడిగినట్టుండాది. వాడిక అడ్డమొచ్చి కొరకలేదు గానీ, ఆ వాసనకు దొర నోట్లో కూడా నీళ్ళూరినాయి.

చెంగవ్వ ఒగటే అడిగింది. ఒక్క పూతకు గడువియ్యండి, ఈలోగా నా చీమల్ని ఈ గట్టుకు తెస్తా అనింది. తేలేకపోతే ఏంజేస్తావని బసివినాయుడు అడిగినాడు. తేలేకపోతే నా గుడిసె నేనే పీకేసి, కొండ దాటి పోతా, నాతోపాటు ఆ చెట్టునూ నరుక్కోండి అనింది. దొర గొడ్డళ్ళోళ్ళను ఎనక్కి పంపించినాడు.

ఇంక చెంగవ్వ పేనింది. ఎట్ల పేనిందంటే, అరచేతులు కమిలిపోయిందాకా పేనింది. వంకర చెట్టు కొమ్మనించి ఈ గట్టు మీది మొదటి చెట్టుకు తాడు కట్టింది. చీమలు నీళ్ళు దాటలేవు గదా, దారి గాల్లోనే వెయ్యాల. చీమలు తాడెక్కినాయి. సగం దూరం వొచ్చినాయి. తాడు మధ్యలో జారి నీళ్ళలో మునిగుండాది. మీసాలు తడిపి చూసుకుని ఎనక్కి పోయినాయి.

రెండోసారి ఇంకో తాడు పేనింది. బిగించి కట్టింది. చీమలు ఈ గట్టుదాకా వొచ్చినాయి. కాలిన చెట్టును తడిమి చూసినాయి. వాటికి కావాల్సిందేమీ ఈడ లేదు. ఎనక్కి పోయినాయి. పొద్దన్నే లేచి చూస్తే తాడే లేదు. బసివినాయుడి ఎనుము దాంతో కట్టేసి ఉండాది. ఊరికే గాల్లో ఉండే తాడు గదా, ఎవురికో ఒకరికి పనికొస్తాదని తెచ్చుకున్నా అన్నాడు.

నార అయిపోయింది. చలికాలం వొచ్చేసింది. చెంగవ్వకు ఉండేవి రెండు కోకలు. ఒగటి కట్టుకుంది, ఇంకోటి చింపింది. చింపి, మెలేసి, మూడోతాడు పేనింది. బిగించి కట్టింది. గుడిసెలో ఒగ ఎండుచేప ఉన్నింది, ఆ పూట కూట్లోకి దాచుకునింది. అది తీసుకుపోయి ఈ గట్టు చెట్టుకు, తాడు కొసలో కట్టింది. కట్టి, చెట్టుకింద కూర్చుని, "మీ కూడు ఈడ" అనింది.

ఒగ చీమ వొచ్చింది. చేపను చూసింది. ఎనక్కి పోయింది. పది చీమలొచ్చినాయి. చూసినాయి. ఎనక్కి పోయినాయి. చెంగవ్వ ఆకలితో అట్లే కూర్చునింది. మూడోసారి తాడు మీద ఇంకో ఎర్రతాడు పారినట్టు వొచ్చినాయి. సగం చేప తిన్నాయి, మిగతాది ఎనక్కి మోసుకుపోలేదు. ఆడే ఆకులు లాగి కుట్టేది మొదలుపెట్టినాయి.

చెంగవ్వ లేచి ఊళ్ళోకి పోయి, ప్రతి గడప ముందర నిలబడి, చెట్టునించి చెట్టుకు దారెయ్యాల, పాత తాడుంటే ఇయ్యండి అని అడిగింది. కోక చింపుకునిందని అప్పటికే ఊరంతా పాకిపోయింది. ఒకామె తెగిన చేంతాడు తెచ్చింది. ఒకాయన ముసలెద్దు పలుపు తెచ్చినాడు. ఇంకొకామె, బిడ్డలు పెద్దోళ్ళైనాంక అటకమీద పడేసిన ఉయ్యాల తాడు తెచ్చింది. అన్నీ చెంగవ్వ పేనినవే. అన్నీ తిరిగొచ్చినాయి. ఆఖర్న బసివినాయుడు ఎనుమును విప్పి ఆ తాడూ తెచ్చిచ్చినాడు. విప్పిన ఎనుము పోయి ఆయన వరిమడే మేసింది, అది ఏరే సంగతి.

పూత వొచ్చింది. పురుగులూ వొచ్చినాయి. కానీ ఈసారి కొమ్మకొమ్మకూ కావిలి ఉండాది. ఒక్కొక్క పురుగును పదేసి చీమలు కాళ్ళు పట్టి లాక్కుపోయినాయి, పెళ్ళిలో బూరెలు మోసుకుపోయినట్టు. పిందె నిలిచింది. కాయ ఊరింది. కొమ్మలు నేలను తాకినాయి.

తొలికాయ రోజొచ్చింది. దొర చెట్టుకింద నిలబడి పైకి చూస్తాండాడు. చెవి తడుముకున్నాడు. చెంగవ్వ దగ్గరికొచ్చి, చీమలెక్కకుండా దొర చేతులకు ఇంత బూడిద పూసింది. అవతలి కొమ్మకు ఎండుచేప కట్టించింది. కట్టించి గట్టిగా అనింది.

"మీ కూడు ఆడ, మా కాయ ఈడ."

చీమలు బారులు తీరి అవతలి కొమ్మకు పోయినాయి. దొర ఎక్కినాడు. ఒగ కాయ కోసి కిందేసినాడు. ఊరంతా కేక పెట్టినారు. దొరకు ఉషారొచ్చి ఇంకోటి కోసినాడు. ఇంకోటి కోసినాడు. నాలుగోదానికి చెయ్యి చాపితే, ఈ కొమ్మ మీదే ఉండిపోయిన ఒంటిచీమ వొచ్చి ముక్కు కొసన కుట్టింది.

ఊరంతా దొర మొహమే చూసినారు. ఇప్పుడేమంటాడో, ఏం కాల్చమంటాడో.

చెంగవ్వ కిందనించి, "చాల్లే దొరా, ఇంక మిగిలినోళ్ళకు వదులు" అనింది.

దొర ముక్కు రుద్దుకున్నాడు. కొమ్మ మీద కూర్చుని బెదురుగా చీమ వైపు చూసినాడు, చెంగవ్వ వైపు చూసినాడు.

"సరే అవ్వా, దిగతాండా" అన్నాడు.

ఆ పొద్దు ఊరు నవ్విన నవ్వులో దొర నవ్వే పెద్దది. కొండకు తగిలి తిరిగొచ్చిందంటారు. ఆ వారమంతా ప్రతి ఇంటి ముందరా ముక్కలు ఆరబోసినారు, ఆవపిండి ఘాటుకు ఊరంతా తుమ్మినారు. బసివినాయుడు మొదటి జాడీ తనే మోసుకుపోయి చెంగవ్వ గుడిసెలో పెట్టి వొచ్చినాడు. దాని తర్వాత ఆయన నోట బదనికనే మాట చెట్టు గురించి తప్ప రాలేదు.

చెంగవ్వ శానా ఏళ్ళు బతికింది. మామిడిపండ్ల కాలంలో, కడుపు నిండా తిని, చెట్టుకానుకుని, తాడు పేనతా పేనతా పోయింది. చేతిలో తాడు సగంలో ఆగిపోయింది. దాన్ని కోసెయ్యడానికి ఎవురికీ చేతులు రాలేదు. ఒకామె కూర్చుని ఒగ జానెడు పేనింది. ఆమె పక్కన ఇంకొకామె ఇంకో జానెడు. దొర కూడా పేనినాడు, వంకరగా వొచ్చింది, అట్లే ఉంచినారు. ఇంటికో జానెడు పేనేలోగా ఆ తాడు తోట చుట్టూ తిరిగొచ్చింది.

ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళల్లో పూత మొదలైతే ఇంటికో జానెడు తాడు పేనతారు. అన్నీ ముడేసి, వంక మీద చెట్టునించి చెట్టుకు కడతారు. పిలకాయలు కొసలో ఎండుచేప వేలాడదీసి, "మీ కూడు ఆడ, మా కాయ ఈడ" అని అరస్తారు. పెళ్ళైతే, పెళ్ళికూతురు అత్తింట్లో అడుగు పెట్టకముందే పెళ్ళికూతురింటికీ పెళ్ళికొడుకింటికీ మధ్య ఒగ తాడు కట్టి, దాని కిందనించి రమ్మంటారు.

ఇంక, చెట్టెక్కినప్పుడు చీమ కుడితే ఆడ ఎవురూ తిట్టరు, విదిలించరు. ముసలోళ్ళైనా, పిలకాయలైనా, కుట్టిన చోట రుద్దుకుని ఒకే మాటంటారు.

"సరే అవ్వా, దిగతాండా."