పరిగె తోక మీద మసి చుక్క

ఒకప్పుడు పరిగె చేప ముక్కు నుంచి తోక దాకా వెండిలా తెల్లగా ఉండేది. ఒంటి మీద చుక్కన్నది లేదు. ఏ మడుగులో పుడితే ఆ మడుగులోనే బతికేది. కొత్త నీరు వచ్చినా ఎగువకు పోయేది కాదు.

"మేత నోటి దగ్గరికే కొట్టుకొస్తుంటే, ఒళ్లు హూనం చేసుకుని నేనెందుకు ఎదురు పోవాలి?" అనేది.

ఒక కొండవాగు రేవులో అలాంటి పరిగె ఒకటి ఉండేది. గూడెంలో ఉండే పోతవ్వ రోజూ అక్కడే నీళ్లు ముంచుకునేది, అక్కడే అంబలి కుండ కడుక్కునేది. నీళ్లలోంచి చూసే పరిగెకు అవ్వ మొహం తెలియదు. పగిలిన మడమలు, వంకర చిటికెనవేలు, అంతే తెలుసు. ఆ కాళ్లు వచ్చాయంటే మెతుకులు వచ్చినట్టే.

ఒక ఏడు వాన రాలేదు. ముందు వాగు గలగల ఆగింది. తర్వాత మడుగుకీ మడుగుకీ మధ్య ఇసుక తేలింది. మోకాటి లోతు నీళ్లు బెత్తెడయ్యాయి. అవి కూడా గంజిలా వేడెక్కాయి. పరిగె కడుపులో చూస్తే నిండా గుడ్లు.

ఒడ్డున కొంగ ఒంటికాలి మీద నిలబడింది.

"ఏం మరదలా, ఉక్కగా ఉందా? బయటికి రా, విసురుతాను."

"నీ విసనకర్ర నాకొద్దు బావా. దాన్ని ముక్కంటారని నాకు తెలుసు."

పైకి అలా అందే గాని పరిగె కొంగకు అందకుండా మడుగు మధ్యకు జరిగింది. అడుగున ఇసుకకు నోరు ఆనించి పిలిచింది. "వాగమ్మా, నన్నొదిలి ఎటు పోయావు?"

ఇసుక కింద నుంచి సన్నటి గొంతు వినిపించింది. "ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా. ఎండకు ఓర్వలేక కిందికి దిగాను. ఎగువన నల్లబండ కింద నా పుట్టిల్లు ఉంది. అక్కడి ఊట ఎండదు. నీళ్లున్నప్పుడు ఎన్నిసార్లు పిలిచాను? కదిలావా?"

"నా సంగతి సరే, ఈ గుడ్లేం చేశాయి తల్లీ?" అంది పరిగె.

మర్నాడు పోతవ్వ చెలమ తీయడానికి వచ్చింది. వాగులో ఇసుక తవ్వితే గుంటలో నీరు ఊరుతుంది, అదే చెలమ. గూడెంలో దానికో పద్ధతి ఉంది. పైనున్న మురికి నీళ్లు ముందు తోడి పారబోయాలి. తేట నీరు ఊరాక మొదట ముంచిన సొరకాయ బుర్రెడు నీళ్లు ఇంటికి పట్టుకుపోకూడదు. దాహంతో వచ్చే పిట్టకో పురుగుకో ఒడ్డున పోయాలి.

అవ్వకు చూపు ఆనదు. సొరకాయ బుర్రతో మడుగులో మిగిలిన మురికి నీళ్లు ఎత్తి ఇసుకలో విసిరింది. ఆ నీళ్లతో పాటు పరిగె కూడా వెళ్లి కాలే ఇసుకలో పడింది. కొంగ ముక్కు తెరిచింది.

"అవ్వా! నన్ను కూడా పారబోశావు!"

"అయ్యో నా తల్లీ, నా కళ్లు మండిపోను!" అవ్వ గబుక్కున తోక పట్టుకుని ఎత్తింది. పొద్దున కుండ అడుగు తోమిన చెయ్యి అది. బొటనవేలి మసి ఇంకా వదల్లేదు. పరిగెను తడి చెంగులో పెట్టుకుని, రెండో చేత్తో గబగబా తవ్వింది. తేట నీరు బుడబుడా ఊరింది. మొదటి బుర్ర ముంచి పరిగెను అందులో వదిలింది.

"మొదటి బుర్ర పిట్టలది కదవ్వా! నేను పిట్టను కానా?" అంది కొంగ.

"నువ్వు అడిగేది నీళ్లు కాదులేరా దొంగా! రెండో బుర్ర నీకు పోస్తాను, తాగు. ఇది దీనిది."

అన్నట్టే ఇంకో బుర్రతో పోసింది. తర్వాత పరిగె వాగమ్మ మాట చెబితే, దాని బుర్ర మీద టేకాకు కప్పి నల్లబండ దాకా ఎక్కింది.

"నీకు ఆయాసం వస్తోందా అవ్వా?"

"నువ్వు మాట్లాడించకుండా ఉంటే రాదు."

బండ కింద ఊట చల్లగా ఉంది. అవ్వ పరిగె తోక మీది మసి కడగబోయింది.

"ఉండనీ అవ్వా. అది నీ వేలు," అంది పరిగె. "నీకు నేనేమిచ్చేది?"

"వేలెడంత లేవు, నువ్వేమిస్తావే? కొత్త నీళ్లు వచ్చినప్పుడు ఓసారి కనబడు, చాలు."

చివరికి వాన వచ్చింది. ఆ రోజే పరిగె గుడ్లు పెట్టింది. పిల్లలన్నిటికీ తోక మొదట్లో అదే మసి చుక్క. వరద వాటిని దిగువకు తీసుకుపోతుంటే పరిగె గట్టిగా చెప్పింది.

"వాగు పిలిస్తే బద్ధకించకండి. నీళ్లున్నప్పుడే ఎగువకు రండి. దారిలో కాళ్లు కనబడితే ఆగి చూడండి. అవి అవ్వవి కావచ్చు."

అప్పటినుంచే పరిగెలు కొత్త నీరు పడగానే గుంపులు గుంపులుగా వాగుకు ఎదురెక్కుతున్నాయి. తోక మొదట నల్లటి వేలిముద్ర వేసుకునే పుడుతున్నాయి. మీరు వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే చుట్టూ చేరి మెల్లగా పొడుస్తాయి, చూడండి. కదలకండి. అవ్వ కాళ్లేమోనని చూసుకుంటున్నాయి.