ఊ వినిపించని బండ

అనగనగా ఒక అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది. ఆ అడవిలో పులి ఉందా అని అడక్కండి. ఉంది గానీ ఈ కథలో దానికి పనిలేదు. ఎలుగుబంటి పేరు పోలమ్మ. నేను చెబుతుంటే మీరు ఊ కొట్టాలి, సరేనా? ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

పోలమ్మకు బొమ్మలాట వచ్చు. ఎండిన టేకాకుల్ని గోళ్ళతో కత్తిరించి రాజునూ ఏనుగునూ రాక్షసినీ చేసేది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ బొమ్మల్ని ఎత్తి పట్టుకునేది. ఎదురుగా ఉన్న నున్నటి బండ మీద వాటి నీడలు నడిచేవి, పోట్లాడుకునేవి, కూర్చుని ఏడ్చేవి. పోలమ్మ గొంతు మార్చి మార్చి కథ చెబుతుంటే పిల్లా పెద్దా అంతా "ఊ" అనేవారు. ఆ ఊ చెవిన పడితేనే ఆమెకు తర్వాతి మాట నోటికొచ్చేది.

ఆట చూసినవాళ్ళు తలా ఒక దోసెడు పళ్ళు ఇచ్చేవారు. వేసవంతా బొమ్మలతో కూర్చునే పోలమ్మకు తిండి వెతుక్కునే తీరిక ఎక్కడిది? ఆ పళ్ళే ఎండబెట్టి గుహలో దాచుకునేది. గుహ నిండితే వానాకాలం గడిచినట్టే. నిండకపోతే ఆట మానేసి, కొండ అవతలికి తిండి కోసం వలసపోవలసిందే.

ఆ ఏడాది పోలమ్మ పెద్ద కథ కట్టింది. ఏడుగురు అన్నదమ్ములు, ఒక రాక్షసి, మాట్లాడే మద్దెల. మొత్తం మూడు భాగాలు. సంగతి తెలిసి అడవంతా ఉవ్విళ్ళూరింది. అప్పుడు నక్క రంగడు వచ్చాడు.

"అక్కా, ఇంత మంచి కథని ఆరుబయట పెడతావా? నువ్వు ఆట చూసుకో. వచ్చేవాళ్ళ సంగతి నాకొదిలెయ్," అన్నాడు.

పోలమ్మకు బొమ్మల ధ్యాస తప్ప ఇంకోటి లేదు. సరే అనేసింది. పొరపాటు అక్కడే జరిగింది.

రంగడు మూడు బండల్ని ఎంచి, మూడింటికీ ముళ్ళకంచె వేశాడు. ఒక్కో బండ దగ్గర ఒక్కో భాగం, పదేసి రోజులు. ఒక్కో కంచె దగ్గర విడిగా ఒక్కో దోసెడు.

ముంగిస గవరమ్మకు నలుగురు పిల్లలు. అందరికన్నా చిన్నది బుడ్డి. మద్దెల మాట్లాడుతుందని విన్నప్పట్నుంచి దానికి నిద్ర లేదు. గవరమ్మ మూడు భాగాలకూ సరిపడా రేగుపళ్ళు ఏరి పెట్టుకుంది. ఒక దోసెడు ఇచ్చి, గుర్తుగా కంచె దగ్గరి బురదలో కాలిముద్ర వేసి వెళ్ళింది.

మర్నాడు పిల్లల్తో వస్తే రంగడు ముద్ర చూసి తల అడ్డంగా ఊపాడు.

"నీ కాలు సరిపోలేదు."

"నిన్న తడి బురద, ఇవాళ ఎండింది రంగన్నా. కాలు నాదే."

"అదంతా నాకు తెలీదు. కొత్త ముద్ర వేసి రేపు రా."

రెండో రోజు ముద్ర సరిపోయింది. రంగడు పిల్లల్ని లెక్కపెట్టాడు.

"ఒక కన్నానికి, అంటే ఒక ఇంటికి, ఇద్దరు పిల్లలే."

"మిగతా వాళ్ళని ఎక్కడ వదలమంటావు?"

"అది మీ ఇంటి విషయం," అన్నాడు. గవరమ్మ అందర్నీ వెనక్కి తీసుకుపోయింది.

మూడో రోజు ఇద్దర్ని పొరుగున ఉన్న ఉడుత దగ్గర వదిలి, ఇద్దర్ని తెచ్చింది. హమ్మయ్య, లోపలికి వెళ్ళారు. అయితే ఆట మొదలయ్యే ముందు రంగడు బండకు అడ్డంగా నిలబడి, తన బావమరిది తయారుచేసే తోక నూనె గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పాడు, చెప్పాడు, సగం ఎండ దిగిపోయేదాకా చెప్పాడు. ఆఖరికి మొదటి నీడ బండ మీదకి వచ్చింది. బుడ్డి సంబరంగా "ఊ" అంది.

"ష్! ఇక్కడ గోల చెయ్యకూడదు," అన్నాడు రంగడు.

బుడ్డి ముందుకాళ్ళు రెండింటితో నోరు మూసుకుంది.

ఇంటికి పోతుంటే మేడిచెట్టు మీంచి కోతి పాపయ్య పలకరించాడు.

"ఏం గవరమ్మొదినా, పిల్లలు మొహాలు వేలాడేశారేం? నా దగ్గరికి రండి. మూడు భాగాలూ ఉన్నాయి. ఎప్పుడొస్తే అప్పుడే ఆట, ఎంతమందైనా రావచ్చు. పళ్ళు కూడా వద్దు."

పోలమ్మ కథ కట్టుకుంటున్నప్పుడే పాపయ్య చాటుగా చెట్టెక్కి, మూడు భాగాలూ విని, ఆమె బొమ్మల్ని చూసి, మోదుగాకుల్తో అలాంటివే చేసుకున్నాడు. అలాంటివే అంటే మరీ అంత కాదు. రాజుకు ముక్కు వంకర. ఏడుగురు అన్నదమ్ముల్లో ఇద్దరు తక్కువ. పైగా చూసేవాళ్ళు కూర్చునే గడ్డి నిండా రక్తం పీల్చే గోమార్లు. ఆట అయ్యేసరికి ఒళ్ళంతా పట్టుకుని కుట్టేవి.

అయినా అడవి అడవంతా మేడిచెట్టు కిందే కూర్చుంది.

ఒక సాయంత్రం పోలమ్మ రెండో బండ దగ్గర బొమ్మ ఎత్తింది. ఎదురుగా తాబేలు ఒక్కటే ఉంది, అదీ కునికిపాట్లు పడుతూ. పోలమ్మ ఒక మాట చెప్పి, ఊ కోసం ఆగింది. ఊ లేదు. ఇంకో మాట చెప్పి మళ్ళీ ఆగింది. అప్పుడు దూరంగా, మేడిచెట్టు వైపు నుంచి వందమంది గొంతులు కలిసి వినిపించాయి.

"ఊ..."

కథ తనది. ఊ మాత్రం ఇంకెవరికో. చేతిలో బొమ్మ చేతిలోనే ఉండగా ఆ గొంతుల వైపు నడిచింది.

పోలమ్మను చూడగానే పాపయ్య చిటారుకొమ్మకు ఎగబాకాడు. కిందున్నవాళ్ళు తలలు దించుకున్నారు. గవరమ్మ బుడ్డి ఒంటి మీంచి గోమార్లు ఏరుతోంది.

"నా గుహ సగం కూడా నిండలేదు గవరమ్మా. వానలొస్తే నేను కొండ దాటి పోవాలి. మీకు పళ్ళే బరువయ్యాయా?" అంది పోలమ్మ.

"పళ్ళు కాదు పోలమ్మత్తా," అంది గవరమ్మ. "నీకివ్వాల్సిన రెండు దోసెళ్ళూ ఇంట్లోనే ఉన్నాయి. కావాలంటే వచ్చి చూడు. గోమార్లు కుట్టినా ఓర్చుకున్నాం గానీ, ఆ రంగడి ముందు నిలబడలేకపోయాం. నీ కష్టం వాడు ఎత్తుకుపోతుంటే కూర్చుని ఊ కొట్టాను. అది తప్పే. సిగ్గుగానే ఉంది. కానీ నీ కంచె దగ్గరికి నువ్వొక్కసారి వెళ్ళి చూడు."

ఈలోగా రంగడు రొప్పుకుంటూ వచ్చాడు.

"అక్కా, కంచె ఇంకో మూరెడు పెంచుదాం. ముద్రలు ఒకటి కాదు, మూడు వేయిద్దాం. అప్పుడు చూడు, ఎలా దారికి రారో."

మర్నాడు పోలమ్మ ఒక దోసెడు పళ్ళు పట్టుకుని, అందరిలాగే బురదలో కాలు వేసి, ఆ మర్నాడు కంచె దగ్గరికి వచ్చింది. రంగడు వంగి ముద్ర చూశాడు. తలెత్తి పోలమ్మను చూశాడు. మళ్ళీ ముద్ర చూశాడు.

"సరిపోలేదక్కా."

"నేనెవర్నిరా?"

"నువ్వే అక్కా. కానీ రూలు రూలే కదా."

"నేను లోపలికి పోకపోతే ఆట ఎవరాడతారు?"

రంగడు బుర్ర గోక్కున్నాడు.

పోలమ్మకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పంజాతో రెండు దెబ్బలు కొట్టింది. కంచె కింద పడింది. ఆ సాయంత్రానికి మిగతా రెండూ పడ్డాయి.

మర్నాటి నుంచి కథంతా ఒకే చోట. దారి పక్కన ఒక బుట్ట. ఒక్కసారి దోసెడు పళ్ళు వేస్తే మూడు భాగాలూ చూడొచ్చు. పొద్దున కుదిరినవాళ్ళు పొద్దుటెండలో, సాయంత్రం కుదిరినవాళ్ళు సాయంత్రపు ఎండలో. ఎంతమంది పిల్లలున్నా రావచ్చు. రంగడికి బుట్ట పక్కన కూర్చునే పని ఇచ్చింది. వాడు అనాల్సింది ఒకటే మాట, "రండి." తోక నూనె ఊసెత్తితే ఆ పనీ ఉండదని ముందే చెప్పింది.

గవరమ్మ నలుగురు పిల్లల్తో వచ్చింది. ఒక దోసెడు చాలని రంగడు చెప్పినా వినకుండా, దాచిన రెండు దోసెళ్ళూ బుట్టలో వేసింది. వెనకే కుందేళ్ళు, అడవిపందులు, వాగు అవతలి జింకలు. పది రోజుల్లో గుహ నిండింది.

మేడిచెట్టు కింద పాపయ్య ఇంకా వంకర ముక్కు రాజును ఆడిస్తూనే ఉన్నాడు. మొదట పదిమంది మిగిలారు, తర్వాత ముగ్గురు, తర్వాత గోమార్లు మిగిలాయి. వాడు ఒక మాట చెప్పి ఆగాడు. ఊ లేదు. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో వాడికి అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం వాడు మెల్లిగా వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా ఒక తేనెపట్టు బుట్టలో పెట్టి, అందరికన్నా వెనక కూర్చున్నాడు. పోలమ్మ చూసింది. మద్దెల బొమ్మను ఎత్తి, "అప్పుడా మద్దెల ఏమందంటే..." అని ఆగింది.

ముందుగా ఊ అన్నది పాపయ్యే.

మరి మీరేం? ఇందాకట్నుంచి ఊ అనడం మానేశారు. నిద్రపోయారా ఏం?

నీతి: దొంగను తిట్టే ముందు మన గుమ్మం ఒకసారి చూసుకోవాలి, ఒకరి కష్టాన్ని ఊరికే అనుభవించడం తప్పే, కానీ లోపలికి వచ్చే దారి సులువుగా ఉంటే చాలామంది సంతోషంగా ఇచ్చే వస్తారు.