రాజుగారి చేతిలో మజ్జిగ గిన్నె

ఏలేటికోట రాజు కేతభూపతి ఒక ఉదయం స్నానానికి వెళ్తూ, మెట్ల మీద ఒలికిన నీళ్ళలో జారి పడ్డాడు. తగిలింది నడుముకే అయినా నొప్పంతా పరువుకే. లేచీ లేవగానే ఆజ్ఞ వేశాడు. వచ్చే శుక్రవారం నుంచి కోటలో ఎవరు ఒక్క చుక్క ఒలికించినా కొలువు వదిలి కోట దిగిపోవాల్సిందే.

ఏటి నుంచి కొండ మీది కోటకి నీళ్ళు మోసే కావడివాళ్ళవి అరవై కుటుంబాలు. అందరి గుండెల్లో రాయి పడింది. నిజానికి నీళ్ళు ఒలకడం మొదలైందే ఈమధ్య. అంతకుముందు వాళ్ళు కడవల్లో నీటి మీద మోదుగాకులు పరిచి తెచ్చేవాళ్ళు. రాజుగారి నీళ్ళలో చెత్తా చెదారమా అంటూ కోట పనుల పెద్ద రుద్రపతి ఆ ఆకులు తీయించేశాడు. తనకు తెలియనిది లోకంలో లేదని రుద్రపతికి గట్టి నమ్మకం. లోకానికి మాత్రం ఆ నమ్మకం లేదు.

ఆయనే మళ్ళీ సభలో లేచి, వెదురు కావడిబద్ద ఊగబట్టే నీళ్ళు ఊగుతున్నాయనీ, వంగని టేకు కర్రలు పెడితే చాలనీ తేల్చేశాడు. పెట్టారు. సగం నీళ్ళు దారిలోనే పోయాయి, మోసినవాళ్ళ భుజాలు వాచిపోయాయి. రుద్రపతి దానికీ వాళ్ళ బద్ధకమే కారణమన్నాడు. వీళ్ళను పంపించేసి తన ఊరి మనుషుల్ని తెప్పిస్తానన్నాడు.

కావడివాళ్ళ పెద్ద గురవప్ప, రాజుకు తాంబూలం అందించే పేరయ్య దగ్గరికి వెళ్ళాడు.

"అన్నా, మా తాతల కాలం నుంచీ ఈ కావడే మా కూడు. శుక్రవారం తర్వాత పిల్లల్ని ఏం పెట్టి సాకాలి?"

పేరయ్యకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. మర్నాడు సభలో ఆకుల పెట్టె పక్కన పెట్టి లేచాడు.

"కడవల్ని చూసి తీర్పు చెప్పేకన్నా, ఒక్కపూట తమరే నీళ్ళై చూడండి ప్రభూ."

శుక్రవారం ఏటిదాకా మోతకర్రగా వెదురు దండె వేసిన పల్లకీలో వెళ్ళాలి, టేకు దండెతో తిరిగి రావాలి, రెండుసార్లూ చేతిలో నిండు మజ్జిగ గిన్నె ఉండాలి అన్నాడు. రాజుకు ఈ ఆట నచ్చింది. రుద్రపతికి ఇంకా నచ్చింది. దగ్గరుండి టేకు దండె చెక్కించి, నూనె పట్టించి, రెండు కొసలకూ బంగారు తొడుగులు వేయించాడు.

వెళ్ళేటప్పుడు పేరయ్య మజ్జిగ మీద ఒక తమలపాకు తేల్చాడు. దుమ్ము పడకుండా అని చెప్పాడు. బోయీలు అడుగు వేసినప్పుడల్లా వెదురు కాస్త వంగి లేచి, ఆ కుదుపును తనే మింగేసింది. మజ్జిగ పైకి లేవబోతే ఆకు అడ్డుపడింది. ఏటి దగ్గర దిగేసరికి గిన్నె నిండుగా ఉంది. రాజు హాయిగా తాగేశాడు.

తిరుగు ప్రయాణంలో గిన్నె మళ్ళీ నింపారు. ఆకు మాత్రం వెయ్యలేదు. చెత్త వెయ్యకూడదని రుద్రపతిగారి ఉత్తర్వు ఉందని పేరయ్య వినయంగా గుర్తుచేశాడు. ఇక బోయీల ప్రతి అడుగూ టేకు గుండా సూటిగా రాజు వెన్నెముకలోకి వచ్చింది. మొదటి మలుపులో మజ్జిగ అలలు లేచాయి. రెండో మలుపులో మీసాలు తడిశాయి. కోట గుమ్మం చేరేసరికి పట్టుపంచె సంగతి చెప్పనక్కర్లేదు.

రాజు ఒళ్ళంతా మజ్జిగ కారుతుండగా దిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పెదవులు బిగించి నేల చూపులు చూశారు. రుద్రపతి కంగారులో ముందుకు దూకాడు.

"దండెలో దోషం లేదు ప్రభూ, పట్టుకున్న చేతిలోనే..."

అక్కడ నాలుక కరుచుకున్నాడు.

"ఊఁ, చేతిలోనే?" అన్నాడు రాజు.

పేరయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ఒలికించినవాళ్ళు కోట దిగిపోవాలని తమ ఆజ్ఞ ప్రభూ. పల్లకీ సిద్ధంగానే ఉంది. ఏ దండె వెయ్యమంటారు?"

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి చూశాడు. తర్వాత మొదలైన నవ్వుకి గిన్నె అడుగున మిగిలిన మజ్జిగ కూడా ఒలికిపోయింది. బోయీలు నవ్వారు, కావలివాళ్ళు నవ్వారు, గురవప్ప కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. వెదురుబద్దలూ మోదుగాకులూ కావడివాళ్ళ చేతికి తిరిగొచ్చాయి, పేరయ్య చేతికి రాజుగారి కంకణం వచ్చింది.

రుద్రపతిని మాత్రం ఆ టేకు దండె మీదే రెండు కడవలు ఏటి నుంచి మోసుకు రమ్మన్నాడు రాజు. ఎంత ఒలికించినా ఏమీ అననని మాట కూడా ఇచ్చాడు.