రాజుగారి మీసం, తీగ లేని మౌసు

గుమ్మడిదుర్గం రాజు రణభూపతి గారికి గుర్రం ఎక్కడమంటే భయం, గుర్రప్పందేలంటే ప్రాణం. అందుకని ఆయన కంప్యూటర్లో పరుగెత్తించేవారు. రాజులకాలంలో కంప్యూటర్లేమిటని అడక్కండి. కథ నాది, కాలం నాది.

సొంత కోటలో ఆయనకు ఓటమన్నది తెలియదు. మంత్రి ఓడిపోయేవాడు, సేనాపతి ఓడిపోయేవాడు, వంటవాడు కూడా గరిటె పక్కన పెట్టి వచ్చి ఓడిపోయి వెళ్ళేవాడు. అలాంటి రాజుగారు పొరుగున ఉన్న పొన్నగిరి రాజు చేతిలో చిత్తుగా ఓడి వచ్చారు.

"మౌసు పాతదయ్యా!" అన్నారు కోపంగా. ఆడలేక మద్దెల ఓడనడం రాజుల దగ్గరే పుట్టిందేమో! అంతటితో ఊరుకోకుండా, ఉగాదినాడు మళ్ళీ ఆడదామనీ, ఓడినవాడు మీసం తీయించుకోవాలనీ పందెం కూడా కాసి వచ్చారు. ఆ మీసం సామాన్యమైంది కాదు. దానికి నూనె రాయడానికి ఒక ఉద్యోగి ఉండేవాడు.

మర్నాడు ఆస్థాన యంత్రనిపుణుడు విభూషణుడు వెండిపళ్ళెంలో కొత్త మౌసు పెట్టుకుని సభకు వచ్చాడు. ఈయన తలపాగా మనిషికంటే ముందు గుమ్మం దాటుతుంది.

"ప్రభూ! దీనికి తీగ లేదు. పదకొండు మీటలు. ఏ మీటకు ఏ పని చెబితే ఆ పని చేస్తుంది. పొట్టలో బరువు బిళ్ళలు, పక్కన మార్చుకునే రెక్కలు, ఒంటినిండా మీ జెండారంగు దీపాలు! ఈ మీట నొక్కితే కంప్యూటరు మీ బిరుదులు చదువుతుంది. ఇది పట్టాక మీకు ఓటమి లేదు."

సభంతా చప్పట్లు కొట్టింది. ఒక మూల విదూషకుడు పేరయ్య మాత్రం నవ్వాడు.

"ఎందుకా నవ్వు?" అన్నారు రాజుగారు.

"వండకముందే తేన్చుతున్నారు ప్రభూ, అందుకు."

"అయితే నువ్వే పరీక్షించు. రేపు సభలో నిజం తేల్చు. దీని మహిమ అబద్ధమైతే విభూషణుడి మీసం తీయిస్తాను. నిజమైతే నీ మీసం!"

పేరయ్య మౌసును ఇంటికి పట్టుకెళ్ళాడు. బిళ్ళలు తీశాడు, పెట్టాడు. రెక్కలు మార్చాడు. కంప్యూటరుకు గుచ్చే గోరంత ముక్క ఒకటుంది. అది ఉంటేనే మౌసు చెప్పిన మాట కంప్యూటరుకు వినపడుతుంది. దాన్నీ గుచ్చి, పీకి చూశాడు. సాయంత్రానికి అతనికి విషయం తేలిపోయింది. మౌసు నిజంగానే బాగుంది. వచ్చిన చిక్కల్లా అదే.

బాగుందంటే తన మీసం పోతుంది. బాగాలేదంటే అబద్ధం. ఊరికే చప్పట్లు కొడితే ఉగాదినాడు రాజుగారి మీసం పోతుంది. పేరయ్య తాంబూలం నములుతూ చాలాసేపు ఆలోచించాడు. ఆనక నవ్వుకున్నాడు.

మర్నాడు సభలో పేద్ద తెర కట్టారు. తానే ఆట సిద్ధం చేసి, మౌసును రాజుగారి చేతికిచ్చాడు పేరయ్య. దీపాలు ధగధగ వెలిగాయి.

"విభూషణుడుగారే ప్రభువులతో ఆడాలి. నిపుణులు కదా!" అన్నాడు.

"నా శక్తంతా పెట్టి ఆడతాను. అప్పుడే మౌసు మహిమ తెలుస్తుంది," అన్నాడు విభూషణుడు.

ఆ ఆటలో గుర్రం దానంతటదే మెల్లగా నడుస్తుంది. మౌసును తోస్తేనే దౌడు తీస్తుంది. రాజుగారు తోశారు, లాగారు, నొక్కారు, కుర్చీమీదే స్వారీ చేశారు. తెరమీద తెల్లగుర్రం మాత్రం పెళ్ళిభోజనం చేసి వచ్చినట్టు నడుస్తోంది. విభూషణుడి నల్లగుర్రం రెండంగల్లో ముందుకెళ్ళి, ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి, వెతుక్కుని మరీ గోతిలో పడింది. పైకి వచ్చి ఇంకో గోతిలో పడింది. తెల్లగుర్రం తాపీగా గీత దాటింది.

"మెరుపు వేగం!" అని అరిచింది సభ.

రాజుగారు మీసం దువ్వి, "మీట నొక్కినా బిరుదులు వినపడలేదేం?" అన్నారు.

"మీ వేగానికి బిరుదులు వెనకబడ్డాయి ప్రభూ! ప్రాణం పెట్టి ఆడాను, మౌసు మహిమ ముందు నిలవలేకపోయాను," అన్నాడు విభూషణుడు చెమట తుడుచుకుంటూ. "ఏమయ్యా పేరయ్యా, మంగలిని పిలవనా?"

పేరయ్య మెల్లగా తాంబూలపు సంచి విప్పాడు. తమలపాకుల మధ్యనుంచి ఆ గోరంత ముక్క తీసి రాజుగారి ముందు పెట్టాడు.

"ప్రభూ, ఇది పొద్దుటినుంచీ నా సంచిలోనే ఉంది. మౌసులో దీపాలే వెలిగాయి. మీరు చెప్పిన మాట ఒక్కటీ గుర్రానికి చేరలేదు."

రాజుగారు మౌసును అటూ ఇటూ కదిపారు. తెరమీద బాణం గుర్తు ఇంచీ కదల్లేదు. పేరయ్య చేతులు కట్టుకుని చెప్పేశాడు.

"మద్దెల మంచిదే ప్రభూ. కానీ ఇన్నాళ్ళూ మిమ్మల్ని గెలిపిస్తున్నది మౌసు కాదు, మా ఉద్యోగాలు."

రాజుగారి చెయ్యి మీసం మీదికి పోయింది.

"అమ్మో! పొన్నగిరి రాజు నా దగ్గర ఉద్యోగం చెయ్యడం లేదే!"

అని, ఆ మాట తన చెవినే పడి ఆయనే పకపకా నవ్వారు. ఆ నవ్వుకు కిరీటం పక్కకు ఒరిగింది.

"నిజం చెప్పు పేరయ్యా, ఈ మౌసుతో నేను గెలుస్తానా?"

"సగం బిళ్ళలు తీసేయండి, మీ చేతికి తేలికవుతుంది. మూడు మీటలు చాలు, మిగతావాటికి పని చెప్పకండి. బిరుదుల మీట ముందు పీకేయండి. ఆపైన రోజూ మిమ్మల్ని ఓడించే మనిషి ఒకడు కావాలి."

"ఆ మనిషివి నువ్వే! ఉగాదిదాకా రోజూ నన్ను ఓడించు. ఓడించని రోజున జీతం కోత!" అంటూ రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి పేరయ్య మెడలో వేశారు. "ఎవరక్కడ? మంగలిని పిలవండి!"

మంగలి కత్తి నూరుకుంటూ వచ్చి, సభనంతా కలయజూశాడు.

"ప్రభూ, మీ చేతిలో ఓడిపోయినవాడి మీసమేనా తీయాల్సింది?" అన్నట్టు విభూషణుడు దీనంగా చూశాడు.

"కావాలని ఓడిపోయినవాడి మీసం!" అన్నారు రాజుగారు.

అంతే. మంత్రి, సేనాపతి, గుమ్మం దగ్గర గరిటెతో నిలబడ్డ వంటవాడితో సహా సభలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా రెండు చేతులతో మూతి మూసుకున్నారు.