ఆది చొక్కా

తెలియదు అనే మాటతో ఎదుటిమనిషిని వట్టి చేతులతో పంపడం గౌరునాయుడికి చిన్నప్పటినుంచీ చేతకాదు. ఎవరేమడిగినా ఏదో ఒక జవాబు చేతిలో పెట్టి పంపేవాడు. దాన్ని అతను దయాగుణం అనుకునేవాడు. పాలకొండలో దర్జీపని చేసుకుంటూ, పొట్లాలు కట్టొచ్చిన కాగితాలు కూడా వదలకుండా చదివి, రాకెట్ల దగ్గర్నుంచి చంద్రుడి మీద గుంటల దాకా సొంతంగా నేర్చుకున్నవాడు కాబట్టి ఆ దయకు సరుకు కొరత కూడా ఉండేది కాదు.

అతనికి గురువు బెహరా మాస్టారు. బళ్ళో సైన్సు చెప్పి రిటైరయ్యారు. నెలకో ఆదివారం పొద్దున్న గ్రంథాలయం హాల్లో నలుగురినీ కూర్చోబెట్టి సైన్సు కబుర్లు చెప్పడం ఆయనకి అలవాటు. ఎవరైనా ప్రశ్న వేస్తే వాదించకుండా ఏదో పని పురమాయించడం ఇంకో అలవాటు. ఈమధ్య గొంతు మొరాయిస్తోంది. అంచేత శిష్యుణ్ణి పిలిచి, "ఈ నెల తొలినాటి అంతరిక్షయాత్రల మీద నువ్వు చెప్పు నాయుడూ. జనం మళ్ళీ వస్తామంటే ఇకమీదట ఆ కుర్చీ నీదే" అన్నారు.

మనసులో నాయుడు ఆ కుర్చీలో అప్పటికే చాలాసార్లు కూర్చుని లేచాడు. ఎందుకంటే అతని దగ్గర ఒక కథ ఉంది. అంతరిక్షంలో పెన్ను రాయకపోతే అమెరికావాళ్ళు కోట్లు తగలేసి కొత్త పెన్ను కనిపెట్టారట. రష్యావాళ్ళు ఎంచక్కా పెన్సిల్ పట్టుకెళ్ళారట. ఎక్కడ చెప్పినా చప్పట్లే. తీరా ఉపన్యాసం వారంలో ఉందనగా, మాస్టారిచ్చిన పుస్తకంలో అసలు సంగతి కనబడింది. మొదట్లో ఇద్దరూ పెన్సిళ్ళే వాడారు. అంతరిక్షంలో మొన విరిగితే ఆ ముక్క కిందపడదు. గాల్లో తేలుతూ ఏ కంట్లోనో, ఏ యంత్రంలోనో దూరే ప్రమాదం. ఆ పెన్ను చేసింది ప్రభుత్వం కాదు, పెన్నుల కంపెనీ ఆసామి ఒకాయన, తన సొంత ఖర్చుతో. తరవాత ఇద్దరూ దాన్నే కొనుక్కున్నారు.

నాయుడికి అన్నం సయించలేదు. మాస్టారింటికి వెళ్ళి, "కథ అబద్ధమైతేనేం మాస్టారూ, నీతి బాగుంది కదా? ఉంచేస్తే తప్పేటి?" అని అడిగాడు.

మాస్టారు లోపలికెళ్ళి ఒక కొత్త గుడ్డా, ఒక పాత చొక్కా తెచ్చి చేతిలో పెట్టారు. "ఇదిగో, కొలతకి ఆది. శనివారానికి నాకో చొక్కా కుట్టు."

ఆది చొక్కా ఇచ్చాక మళ్ళీ ఒంటికి టేపు పెడితే ఇచ్చినవాణ్ణి అనుమానించినట్టే. ఆ మర్యాద నాయుడు ఎన్నడూ తప్పలేదు. చేతిలోకి తీసుకోగానే చొక్కా చిన్నదిగా తోచిన మాట నిజం. మాస్టారు ఆరడుగుల మనిషి. ఆ అనుమానాన్ని నాయుడు పుస్తకంలో చదివిన సంగతి పక్కనే పెట్టి మూతేశాడు.

శనివారం మాస్టారు కొత్త చొక్కా తొడుక్కున్నారు. కాలరు కత్తిలా నిలబడింది. మణికట్టు దాకా రావాల్సిన చొక్కాచేతులు మోచేతులు దాటి నాలుగు వేళ్ళు వచ్చి ఆగిపోయాయి. బొత్తాలు పెట్టుకోవడానికి ఆయన ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

"ఇది మీ ఆదేనా మాస్టారూ?"

"మా బావమరిదిది."

"అయ్యో! ఎదురుగా నిలబడ్డారు, ఒక్క మాట చెప్పకూడదా?"

"ఎదురుగానే నిలబడ్డాను, ఒక్కసారి కొలవకూడదా?"

నాయుడు నాలిక్కరుచుకున్నాడు. "విప్పీండి. లోపల మడతల్లో గుడ్డ వదల్లేదు గానీ, ఏదో ఒకటి చేస్తాను."

"ఎందుకూ? పొట్టి అయితేనేం, కుట్టు బాగుంది కదా. రేపు ఇదే వేసుకొస్తాను."

అన్నట్టే వేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వెనకనుంచి ఎవరో, "మాస్టారూ, గుడ్డకి కరువొచ్చిందేటి? ఎవులు కుట్టారు?" అన్నారు. "మన నాయుడే. కుట్టు చూడండి, ఎంత బాగుందో!" అని మాస్టారు కాలరు చూపించారు. నలుగురూ తడిమి చూసి, కుట్టు బాగానే ఉందని ఒప్పుకున్నారు. వేదిక మీద నాయుడు పంచెకొంగుతో మొహం తుడుచుకున్నాడు.

ఉపన్యాసం సగంలో ఉండగా, "పెన్సిల్ కథ చెప్పు నాయుడూ!" అని కేక వచ్చింది. నాయుడు నోరు తెరిచాడు. అదే సమయానికి మాస్టారు తల గోక్కోవడానికి చెయ్యెత్తారు. చొక్కాచెయ్యి మోచేతి పైకి పాకింది.

నాయుడు పుస్తకంలో చదివిన అసలు సంగతే ఉన్నదున్నట్టు చెప్పాడు. చప్పట్లు పడలేదు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. కిరాణాకొట్టు సత్యంగారు మాత్రం, "అయితే ఆ మొన నిజంగా ఎవరి కంట్లోనన్నా పడిందేటి?" అని అడిగారు. ఎవరి కంట్లో, కుడిదా ఎడమదా, ఎన్నాళ్ళు కట్టు కట్టారు, అన్నీ నాయుడి నాలిక చివరకి వచ్చేశాయి. వాటిని బలవంతాన మింగాడు.

"తెలీదండి. చూసి చెప్తాను."

"అయితే వచ్చే నెల మళ్ళీ వస్తాను," అన్నారు సత్యంగారు.

హాలు ఖాళీ అయ్యాక నాయుడు దిగాలుగా కుర్చీ చేతులు పట్టుకుని నిలబడ్డాడు. "నిజం చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం నాకింకా రాలేదు మాస్టారూ."

మాస్టారు బిగుసుకున్న బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ, "నాకూ రాలేదు. టేపు తెచ్చుకో," అన్నారు.