రాజుగారి పొయ్యి, బంగారక్క రోకలి

అనగనగా, తాటాకే ఇంటికి గొడుగైన రోజుల్లో, ఆకులపేట అని ఒక ఊరు ఉండేది. చూరుకు చూరు తగిలేటంత దగ్గరగా ఇళ్ళు. ఒక ఇంట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అనేవారు. ఊరికి తూర్పున రాజుగారి కోట, కోట వెనక ఏరు. ఊరికీ కోటకూ నడుమ ఏనుగుల సాల, దాని పక్కన కొండంత గడ్డివాము.

వైశాఖంలో ఆ ఊరి మీదికి పడమటి గాలి వస్తుంది. ఒక ఏడు ఆ గాలిలో ఎవరి పొయ్యిలోంచో ఒక్క రవ్వ లేచింది. పొద్దు వాలేసరికి ఊరు బూడిద.

ఆ బూడిదలో నిలబడి పెద్దలంతా ఒక కట్టుబాటు చేసుకున్నారు. గాలి లేవగానే డప్పు మోగాలి. డప్పు మోగితే ప్రతి పొయ్యీ ఆరాలి. గాలి పడేదాకా చద్దన్నంతోనే సరిపెట్టుకోవాలి. తప్పినవారి పొయ్యిని రోకలితో పగలగొట్టాలి. అంతటితో పోదు. వానలు పడేదాకా వీధిలో ప్రతి చూరు కిందా ఉన్న నీళ్ళ కాగును వాళ్ళే, తమ చేతులతో, నింపాలి.

ఆ డప్పునూ ఆ రోకలినీ బంగారక్కకు అప్పగించారు. ఆమె మగడు ఆ మంటల్లోనే పోయాడు. అప్పటినుంచి ఆమె ఊరికి నిప్పుకాపు. నవ్వు తక్కువ, నడక ఎక్కువ. డప్పు కొట్టాక వీధి వీధీ తిరిగి, కప్పుల మీద పొగ ఉందేమోనని చూసేది.

ఒకనాడు గాలి లేచింది, డప్పు మోగింది. పొగ లేచింది సొంత చెల్లెలు చిట్టెమ్మ ఇంట్లోంచి.

"కొత్తల్లుడు వచ్చాడక్కా," అంది చిట్టెమ్మ, బాణలికి అడ్డంగా నిలబడి. "చద్దన్నం ఒట్టిది పెడితే ఏం బాగుంటుంది? గుప్పెడు వడియాలు వేయిస్తున్నాను, అంతే."

"అల్లుడికి వడియాలు వేయించబోయి ఊరిని వేయించేవు. పక్కకు తప్పుకో," అంది బంగారక్క. నీళ్ళు గుమ్మరించి ఒక్క పోటు పొడిచింది. పొయ్యి రెండు ముక్కలైంది.

"నువ్వు తోడబుట్టినదానివి కాదు, తోడేలువి," అని చిట్టెమ్మ ముక్కు చీదింది. మర్నాడు కడవ చంకనెత్తుకుంది.

మరొకనాడు షావుకారు కామిశెట్టి పెరట్లోంచి పొగ లేచింది. ఊరంతటికీ ఆయనదొక్కటే పెంకుటిల్లు.

"కట్టుబాటు పూరిళ్ళవాళ్ళకమ్మా," అన్నాడు శెట్టి పొట్ట నిమురుకుంటూ. "నా కప్పు మీద నిప్పు పోసినా అంటుకోదు."

"నీ పొయ్యిలో రవ్వ నీ పెంకు మీదే పడతానని ఒట్టేసిందా శెట్టీ?"

పొయ్యి పగిలింది. వీధిలో ఆయన రొప్పుతూ కడవ మోస్తుంటే, "శెట్టిగారూ, మా కాగు వెలితిగా ఉందండీ," అని పిల్లలు వెంటపడ్డారు. ఆ ఉక్రోషంలో ఆయన ఒక మాట అన్నాడు. "మా మీద సరే. కోట మీదికి వెళ్ళు చూద్దాం, నీ రోకలి ఎంత పొడుగో."

ఆ మాట అన్న వారానికే రాజుగారి పుట్టినరోజు వచ్చింది. గాలి లేచింది, డప్పు మోగింది. ఊళ్ళో పొయ్యిలన్నీ ఆరాయి. కోట వంటశాల మీద మాత్రం పొగ నిటారుగా లేచి, గాలికి వంగి, ఏటి వైపు పోయింది.

ఊరంతా బంగారక్క ముఖం చూసింది. ఆమె డప్పు భుజాన వేసుకుని, రోకలి చేతపట్టుకుని కోట దారి పట్టింది.

"ఎక్కడికి అవ్వా?" అన్నారు కావలివాళ్ళు.

"పొయ్యి పగలగొట్టడానికి."

పండగపూట రాజుగారికి మంచి వినోదమని వాళ్ళు నవ్వి వదిలారు. వంటవాళ్ళు మాత్రం రోకలి పట్టుకుని ఆపారు. బూరెల రుచి చూడబోతున్న రాజుగారు ఇటు తిరిగారు.

"బంగారమ్మా, గాలి ఎటు పోతోంది?"

"తూర్పుకు దొరా."

"తూర్పున ఏముంది?"

"ఏరు."

"మా రవ్వ ఏట్లో పడుతుంది. నీ ఊరికి ఏమిటి నష్టం?"

బంగారక్క ఆలోచించింది. రాజుగారి మాటలో అబద్ధం లేదు. లేనిది ఉందని చెప్పడం ఆమెకు చేతకాదు.

"నష్టం లేదు దొరా."

"అయితే వెళ్ళు. ఇంకా నిలబడ్డావో, పొద్దుగూకేలోగా నీ గుడిసె పీకించి ఊరు దాటిస్తాను."

మగడి బూడిద మీద కట్టుకున్న గుడిసె అది. అయినా బంగారక్క కదలలేదు.

"దాటిస్తే దాటుతాను. పోయేముందు ఈ కొత్త మాట కూడా డప్పు వేసి చెప్పి పోతాను. తన రవ్వతో ఎవరికీ నష్టం లేదని ఎవరికి తోస్తే వాళ్ళు పొయ్యి వెలిగించుకోవచ్చని. మాట మీది కాబట్టి మీరూ పక్కన నిలబడండి."

"అంతేనా, పద," అని రాజుగారు పడమటి బురుజు ఎక్కారు.

ఎక్కగానే వడగాలి ముఖాన కొట్టింది. ఎదురుగా తాటాకు కప్పులు, ఎండి, బారులు బారులుగా. గడపల్లో ఆడవాళ్ళు కోట వైపే చూస్తున్నారు. షావుకారు పెరట్లో కట్టెలు అప్పుడే పేర్చి ఉన్నాయి. చిట్టెమ్మ చేతిలో బాణలి ఉంది. ఎవరి కారణం వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంది.

బంగారక్క డప్పు పుల్ల పైకెత్తింది.

అంతలో ఊళ్ళో ఏ చూరునుంచో ఒక ఎండుటాకు ముక్క లేచింది. ఏనుగుల సాల దాటింది. గడ్డివాము దాటింది. తిన్నగా వచ్చి రాజుగారి గడ్డంలో చిక్కుకుంది.

"ఆకు వచ్చిన దారినే రవ్వా వస్తుంది దొరా," అంది బంగారక్క. "మీ రవ్వ ఏట్లోకి పోతుంది. మా రవ్వలన్నీ మీ దగ్గరికే వస్తాయి. కొట్టమంటారా?"

రాజుగారు ఆకు తీసి చూసుకున్నారు. గడ్డివాము వైపు చూశారు. ఊరి వైపు చూశారు.

"కొట్టకు," అన్నారు మెల్లగా. "పొయ్యి ఆర్పిస్తాను."

"ఆర్పడం కట్టుబాటు. పగలడం శిక్ష. రెండూ జరగాలి."

వంటశాలలో రోకలి పడింది. బూరెలు సగం పచ్చిగానే మిగిలాయి.

మర్నాడు కోటనుంచి నలుగురు పనివాళ్ళు కడవలతో వచ్చారు. బంగారక్క వీధి మొగదల అడ్డం నిలబడింది. "మీరు చేసిన తప్పేమీ లేదు నాయనా. తప్పు చేసిన చెయ్యిని రమ్మనండి," అని వెనక్కి పంపేసింది. ఇక ఆమె గుడిసె మిగలదని ఊరు ఊపిరి బిగబట్టింది.

మధ్యాహ్నానికి రాజుగారే వచ్చారు. తలపాగా చుట్టకుదురు చేసి, దాని మీద కడవ పెట్టుకుని.

బావి దగ్గర షావుకారు ఎదురయ్యాడు. "కాస్త జరగండి శెట్టిగారూ," అన్నారు రాజుగారు. చిట్టెమ్మ చూరు కిందనుంచి తొంగి చూసి, "మా కాగు ఇంకా నిండలేదు దొరా," అంది.

ఆ వైశాఖం వెళ్ళింది. వానలు పడ్డాయి. ఊరు కాలలేదు.

"రాజు చేత కడవ మోయించావే, నీకు భయం వేయలేదా అక్కా?" అని చెల్లెలు అడిగింది.

"వేయకేం? గాలంటే అంతకన్నా భయం," అంది బంగారక్క.

నిప్పు గడప ఎంచదు. కట్టుబాటూ గడప ఎంచరాదు.